ఆపావా బావ

మా బావకి ఈ ప్రపంచంలో నమ్మకం లేని వస్తువు ఒక్కటే. ఇంటి బయటి గోడకి ఉండే ప్లగ్గు. మనుషుల్ని నమ్ముతాడు. వాన రాదని చెప్పే వార్తల్ని నమ్ముతాడు. ఉప్పు సరిపోయిందని మా అక్క అంటే రుచి చూడకుండానే నమ్ముతాడు. కానీ ఎండకి ఎండి వానకి తడిసే చోట మూడు కన్నాలు తెరుచుకుని చూస్తుండే ప్లగ్గుని మాత్రం చచ్చినా నమ్మడు. దానికి ఇంటి లోపల, పొడి నేల మీద నిలబడి నొక్కే స్విచ్చి ఒకటి ఉండాలి. ఉంటే సరిపోదు, అది ఆపి ఉండాలి. ఆపామని ఎవరైనా చెబితే వాళ్ళు అబద్ధాలకోరులని కాదు గానీ, వెళ్ళి చూడాలి.

"ఆపావా?" అంటాడు.

"ఆపాను బావా."

"ఆగిందా?"

"ఆపితే ఆగదా?"

"ఆపడం వేరు, ఆగడం వేరు."

ఈ మాట నేను పాతికేళ్ళుగా వింటున్నాను. అందుకే మా బంధువుల్లో ఆయన పేరు ఆపావా బావ. పిల్లలకి ఆపావా మామయ్య. మొన్న మొన్న మాటలు వచ్చిన ఒక మనవరాలికి ఆపావా తాతయ్య.

ఆయన వృత్తి ఇళ్ళకి వైరింగు చేయడం. మిగతావాళ్ళు చొక్కా జేబులో పెన్ను పెట్టుకునే చోట ఆయన టెస్టరు పెట్టుకుంటాడు. నేను అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాను. "తోడుదొంగలు దొరికారు నాకు. ఒకరు గోడల్లో తప్పులు వెతుకుతారు, ఒకరు కాగితాల్లో. నా వంటలో వెతకడానికి ఇంకొకరు వస్తే ఇల్లు నిండిపోతుంది" అంటుంది అక్క.

మేము కొత్త ఇంట్లో చేరినప్పుడు బావ మొదటిసారి చూడటానికి వచ్చాడు. వచ్చిన మనిషి వీధి గుమ్మం ఎక్కకుండా ఇంటి పక్కనుంచి తిరిగి పెరట్లోకి వెళ్ళాడు. చినుకులు పడుతున్నాయి. మా ఆవిడ గుమ్మంలో మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి, "అన్నయ్యగారు రాలేదా?" అంది.

"వచ్చాడు. పెరటి గోడతో మాట్లాడుతున్నాడు" అన్నాను.

ఈసారి నాకేం భయం లేదు. బావ సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి ఇల్లు కట్టినాయనతో ముందే చెప్పి, పెరటి ప్లగ్గుకి వంటింట్లో స్విచ్చి పెట్టించాను. ధీమాగా వెళ్ళి స్విచ్చి ఆపి, కిటికీలోంచి "ఆపాను బావా, చూసుకో" అన్నాను. బావ టెస్టరు తీసి ప్లగ్గులో పెట్టాడు. టెస్టరులో దీపం వెలిగింది. నా మొహంలో ఆరింది.

"ఇదేంటి బావా? ఫ్యాను పెడితే తిరగడం లేదు, చూశాను కూడా."

"ఫ్యాను తిరగదు. నీ చెయ్యి పెడితే మాత్రం నువ్వు తిరుగుతావు" అన్నాడు బావ. "కరెంటు తెచ్చే తీగ ఒకటి, తీసుకెళ్ళే తీగ ఒకటి. స్విచ్చి తెచ్చేదాన్ని తెంపాలి. మీవాడు తీసుకెళ్ళేదాన్ని తెంపాడు. వీధి తలుపు బార్లా తెరిచిపెట్టి పెరటి తలుపుకి తాళం వేసినట్టుంది."

ఆ మధ్యాహ్నం ఆయన మెయిన్ ఆపి, మళ్ళీ ఎవరూ వెయ్యకుండా ఫ్యూజు పీకి జేబులో వేసుకుని, స్విచ్చి వైర్లు మార్చాడు. బయటి ప్లగ్గుకి చూరు కింద చోటు చూసి, వాన పడకుండా మూత ఉన్న పెట్టె బిగించాడు. తడి వల్ల కరెంటు పక్కదారి పడితే దానంతటదే పడిపోయే స్విచ్చి ఒకటి మెయిన్ దగ్గర పెట్టాడు. స్విచ్చి పక్కన చిన్న ఎర్ర దీపం అమర్చాడు, బయట ప్లగ్గులో కరెంటు ఉందో లేదో వంటింట్లోంచే తెలియడానికి. అన్నీ నాలుగేసిసార్లు చూసుకుని, భోంచేసి, మా ఫ్యూజు జేబులో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళిపోయాడు. దాన్ని తెచ్చుకోవడానికి ఆ వానలో వెళ్ళింది నేనే.

పన్ను డాక్టరు కథ ఇంకా విచిత్రం. ఒకసారి బావకి బుగ్గ బంతిలా వాచింది. పట్టుబట్టి తీసుకెళ్ళాను. ఆ ఆసుపత్రి వరండాలో ఎయిర్ కూలరు ఒకటి, దాని ప్లగ్గు బయటి గోడకే, దాని కిందే నీళ్ళ మడుగు. బావ అక్కడే ఆగిపోయాడు. వాచిన నోటితో, కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయిని "ఆహారా?" అని అడిగాడు.

"ఆహారం ఏమీ తీసుకోకూడదండి. పన్ను పీకాక రెండు గంటలు ఆగాలి" అంది ఆ అమ్మాయి.

"అది కాదమ్మా. ఆహారా? ఆహారా?" అంటూ గోడ చూపించాడు బావ.

"అంత ఆకలిగా ఉందా సార్?" అంది పాపం, జాలిగా.

నేను అనువాదం చేసేసరికి బావ మెయిన్ ఆపి, కూలరు వైరు తీసి పెట్టె విప్పుతున్నాడు. లోపల్నుంచి డాక్టరు గ్లవుజులతోనే బయటికి వచ్చాడు. ముందు కోప్పడ్డాడు. పెట్టెలో తుప్పు పట్టిన వైరు చూశాక టార్చిలైటు తెచ్చి తనే పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి ఒక స్విచ్చి లాగి బిగించేదాకా ఆసుపత్రిలో కరెంటు లేదు. కరెంటు లేదు కాబట్టి పన్ను పీకలేదు. అదే బుగ్గతో ఇంటికి వచ్చాం. "పన్ను పీకించుకోవడానికి వచ్చి ప్లగ్గు పీకి వెళ్ళిన రోగి నా సర్వీసులో మీ బావగారొక్కరే" అని ఆ డాక్టరు ఇప్పటికీ అంటాడు.

ఇక అక్క వాళ్ళిల్లు. బయట మూడు ప్లగ్గులు, లోపల మూడు స్విచ్చులు, ఒక్కోదాని కింద బావ చేతిరాతతో కాగితం ముక్క. 'తులసి పక్కది.' 'మోటారు. తడి చేత్తో వద్దు.' 'దీన్ని నన్ను అడిగి వెయ్యాలి.' మూడోదాన్ని అడక్కుండా వేసే ధైర్యం ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

"పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్ను 'తిన్నావా' అని అడిగిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 'ఆపావా' అని అడగని రోజు లేదు" అంటుంది అక్క. ఆ ఫిర్యాదులో నిజం లేకపోలేదు. జ్వరంతో పడుకున్న మనిషి పక్కన కూర్చున్నా మా బావకి మాటలు రావు. కుశల ప్రశ్నలంటే ఆయనకి నాలుక తిరగదు. నాకు ఫోను చేసినా అంతే. ఎలా ఉన్నావు, పిల్ల ఎలా చదువుతోంది, ఇవేమీ ఉండవు. ప్లగ్గు ఆపావా అంటాడు, ఆపాను అంటాను, ఆగిందా అంటాడు, వంటింట్లోకి వెళ్ళి చూసొచ్చి ఆగిందంటాను, పెట్టేస్తాడు. నాకు ఎన్నోసార్లు ఒళ్ళు మండింది. ఫోను మోగగానే "ఆపాను" అనేసి పెట్టేసిన రోజులు కూడా ఉన్నాయి.

బావ వాళ్ళ వీధిలో, నాలుగిళ్ళ అవతల నర్సమ్మగారు ఉంటుంది. పెద్దాసుపత్రి కాన్పుల వార్డులో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరైంది. ఆ వీధిలో సగం మందిని పుట్టగానే చేతుల్లోకి తీసుకుంది ఆవిడే. పెళ్ళి చేసుకోలేదు, ఎవరి మాటా పడలేదు. సంచి మోస్తానని ఎవరైనా చెయ్యి చాస్తే వాళ్ళ సంచి కూడా లాక్కుని తనే మోసే రకం. ఆవిణ్ణి "బాగున్నారా" అని మాత్రం అడగకూడదు. "ఏం, పోయేలా కనిపిస్తున్నానా?" అంటుంది. అడిగినవాళ్ళ నాడి పట్టుకుని చూసి, "నువ్వే సరిగ్గా లేవు, ఇంటికెళ్ళి పడుకో" అని పంపించేస్తుంది. అందుకని వీధిలో ఎవరూ ఆవిణ్ణి ఏమీ అడగరు, ఒక్క మా బావ తప్ప.

రోజూ సాయంత్రం ఆరింటికి బావ ఆవిడ గేటు ముందు నిలబడతాడు. "నర్సమ్మగారూ, పెరటి ప్లగ్గు ఆపారా?"

"ఆపుతున్నానయ్యా. వీధంతా వినేలా అరవకు."

కాసేపటికి లోపల టక్కుమంటుంది. మా ఇంట్లోలాగే బావ అక్కడా పెట్టిన ఎర్ర దీపం, కిటికీలోంచి కనిపించేది, ఆరిపోతుంది. బావ వెనక్కి తిరిగి వచ్చేస్తాడు. వానైనా, ఇంట్లో చుట్టాలున్నా, ఈ కార్యక్రమం ఆగదు. వీధిలో కొందరు ఆరయిందా లేదా అని బావని చూసి తెలుసుకునేవారు. "ఆవిడ ఏదో ఒకరోజు చీపురు తిరగేస్తుంది" అని అక్క బెంగపడేది. నేను నవ్వేవాణ్ణి.

పోయిన వర్షాకాలంలో బావ నడుం పట్టేసింది. ఎవరింట్లోనో గోడ అడుగున ఉన్న ప్లగ్గుని వంగి చూశాడట, మళ్ళీ లేవలేదు. డాక్టరు మూడు వారాలు మంచం దిగొద్దన్నాడు. కబురు తెలిసి వెళ్ళాను. బావ నన్ను చూడగానే అన్న మొదటి మాట, "రేపట్నుంచి ఆరింటికి నర్సమ్మగారింటికి నువ్వెళ్ళు."

"బావా, నేను ఉద్యోగస్తుణ్ణి."

"అందుకే సాయంత్రం ఆరు అన్నాను."

"ఫోను చేస్తే పోదా?"

"పోదు. గేటు దగ్గర నిలబడి అడుగు. ఆపానంటుంది. ఆ మాట విని వచ్చెయ్యకు. కిటికీలో ఎర్ర దీపం ఆరేదాకా కదలకు."

మంచాన పడ్డ మనిషిని కాదనడం ఎందుకని మర్నాడు వెళ్ళాను. వీధిలో నిలబడి, పరాయి ఆవిణ్ణి, ప్లగ్గు ఆపారా అని అరవాలంటే ఎంత సిగ్గుగా ఉంటుందో అనుభవిస్తే గానీ తెలియదు. "మీ బావ నిన్ను కూడా పాడుచేశాడా?" అంది లోపల్నుంచి నర్సమ్మగారు. దీపం ఆరింది. వచ్చి బావకి చెప్పాను.

"ఎంతసేపు పట్టింది?"

"దేనికి?"

"నువ్వు అడిగిన దగ్గర్నుంచి దీపం ఆరడానికి."

"గడియారం చూసుకోలేదు బావా."

"రేపు ఒకటి రెండు లెక్కపెట్టు."

రెండో రోజు లెక్కపెట్టాను. పద్దెనిమిది. ఆ మాట చెప్పగానే బావ పైకప్పు వైపు చూశాడు. "మొన్నటిదాకా పన్నెండు" అన్నాడు. మూడో రోజు ఇరవై రెండు. ఆ రాత్రి ఆయన సరిగ్గా అన్నం తినలేదని అక్క చెప్పింది. నడుం మాత్రలు తలకెక్కాయేమోనని నేనూ అక్కా మాట్లాడుకున్నాం.

నాలుగో రోజు వాన దంచేస్తోంది. గొడుగు వేసుకుని గేటు దగ్గర నిలబడి అడిగాను. జవాబు లేదు. వాన చప్పుడులో వినపడలేదేమోనని ఇంకోసారి అడిగాను.

"ఆపాన్లే నాయనా. వెళ్ళు" అంది నర్సమ్మగారి గొంతు.

బతికాను అనుకుని వెనక్కి తిరిగాను. నాలుగడుగులు వేశాక తల తిప్పి చూశాను. కిటికీలో ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. నిజం చెప్పాలంటే అప్పుడు కూడా నాకు వెళ్ళిపోవాలనే ఉంది. ప్యాంటు మోకాళ్ళదాకా తడిసింది. బావ అడిగితే ఆరిందని చెప్పొచ్చు, ఆయనకేం తెలుస్తుంది. కానీ మాట విని వచ్చెయ్యకు అన్న మాట కాళ్ళకి అడ్డం పడింది. గేటు తీసుకుని లోపలికి వెళ్ళాను.

నర్సమ్మగారు వంటింటి నేల మీద, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒక కాలు ముందుకి చాచి ఉంది, కదలడం లేదు. మొహం తెల్లగా పాలిపోయింది. పక్కన చెంబు దొర్లి ఉంది. "వెళ్ళమన్నాను కదా" అంది కోపంగా.

"ఎప్పుడు పడ్డారు?"

"పడలేదు. మూడింటికి కూర్చున్నాను. లేవబుద్ధి కాలేదు."

పక్కింటివాళ్ళని పిలిచి, బండి మాట్లాడి, ఆవిడ పనిచేసిన ఆసుపత్రికే తీసుకెళ్ళాం. దారి పొడుగునా, కాలు ఎలా పట్టుకోవాలో నాకు పాఠం చెబుతూనే ఉంది. తుంటి ఎముక చిట్లిందన్నారు. రాత్రంతా ఆ తడి నేల మీదే ఉంటే ఆ వయసులో ప్రాణం మీదికి వచ్చేదని డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు.

బావకి ఈ సంగతి చెప్పడానికి నేను మాటలు వెతుక్కున్నాను. ఆయన అంతా విని, కళ్ళు మూసుకుని అన్నాడు. "వచ్చేటప్పుడు స్విచ్చి ఆపావా?"

"బావా, మనిషి పడిపోయిందంటే నువ్వు ప్లగ్గు అంటావేంటి?" అని అరిచినంత పని చేశాను. అక్క నా భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడు చూశాను, ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

మర్నాడు పొద్దున నర్సమ్మగారి ఇల్లు సర్ది తాళం వేయడానికి వెళ్ళాను. పెరట్లో, కుళాయి దగ్గర వాన నీళ్ళు మడమలదాకా నిలిచి ఉన్నాయి. తోడెయ్యడానికి చిన్న మోటారు తెచ్చాను. మెట్టు మీద, పొడి చోట నిలబడి దాన్ని ప్లగ్గులో పెట్టి, లోపలికెళ్ళి స్విచ్చి వేశాను. ఎర్ర దీపం వెలిగింది. మోటారు తిరగలేదు. వేరే చోట పెడితే భేషుగ్గా తిరిగింది. లోపం ప్లగ్గులోనే ఉంది.

ఇన్నేళ్ళకి బావ పనిలో తప్పు దొరికిందన్న సంతోషం ఎలా దాచుకోను? నేరుగా మంచం దగ్గరికి వెళ్ళాను. "నీ చేతి పని కూడా చెడిపోతుందన్నమాట. ఆ ప్లగ్గులో కరెంటే లేదు."

"చెడిపోలేదు. ఆరేళ్ళ కిందట నేనే తీసేశాను" అన్నాడు బావ.

"ఎందుకు?" అన్నాను.

"బట్టల మిషను ఇంట్లోకి మార్చుకుంది. ఇక ఆ ప్లగ్గుతో పని లేదు. గోడలో చెమ్మ దిగుతోంది. తీగ రెండు వైపులా విప్పేసి చివర్లు మూసేశాను. స్విచ్చీ దీపమూ మాత్రం ఉంచాను."

"మరి ఆరేళ్ళుగా ఆవిడ రోజూ ఏం ఆపుతోంది?"

బావ నసిగాడు. "ఆవిణ్ణి బాగున్నారా అని అడిగితే ఊరుకోదు. ఊరుకున్నా, బాగున్నాననే అంటుంది. ఆ మాటతో ఏం తెలుస్తుంది? ప్లగ్గు ఆపారా అంటే కుర్చీలోంచి లేవాలి. తొమ్మిదడుగులు నడవాలి. చెయ్యి పైకెత్తి నొక్కాలి. లేచిందంటే ఒళ్ళు బాగున్నట్టు. పన్నెండులోపు దీపం ఆరిందంటే కాళ్ళు బాగున్నట్టు." దుప్పటి సర్దుకుంటూ, "ఆవిడ చేతుల్లో పుట్టినవాడు అడగాలిగా ఎవరో ఒకరు" అన్నాడు.

నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుండిపోయాను. సాయంత్రం పూట నాకు వచ్చిన ఫోన్లన్నీ గుర్తొచ్చాయి. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి వచ్చేదాకా ఆయన అవతల ఫోను పట్టుకుని ఏం వినేవాడో, నేను "ఆపాను" అని ఠక్కున పెట్టేసిన రోజుల్లో ఏమనుకునేవాడో అడగాలనిపించింది. అడగలేకపోయాను. మా ఇంట్లో మగవాళ్ళకి ఆ విద్య లేదు.

"ఆ ప్లగ్గు సంగతి ఆవిడతో అనకు. చిన్నబుచ్చుకుంటుంది" అన్నాడు బావ. అననని మాటిచ్చాను.

నెలన్నర తరవాత నర్సమ్మగారు ఇంటికి వచ్చింది. ఆవిడ దగ్గర పని నేర్చుకున్న నర్సులు వంతులు వేసుకుని వచ్చి చూసుకుంటున్నారు. వాళ్ళకి తప్పులు చెప్పే పని దొరికి ఆవిడ రోజురోజుకీ కోలుకుంటోంది. బావ కూడా నడుముకి బెల్టు బిగించుకుని ఆరింటికి గేటు దగ్గర నిలబడటం మొదలుపెట్టాడు. ఒక సెలవు రోజు మధ్యాహ్నం, నా దగ్గర ఉండిపోయిన తాళంచెవి ఇవ్వడానికి వెళ్ళాను. నర్సమ్మగారు అప్పుడే పడుకుని లేచినట్టుంది. నాలుగు కాళ్ళ కర్ర పట్టుకుని మెల్లగా నడిచి గోడ దగ్గరికి వెళ్ళి, పెరటి ప్లగ్గు స్విచ్చి వేసింది. ఎర్ర దీపం వెలిగింది.

"అదెందుకండీ ఇప్పుడు వేస్తున్నారు?" అన్నాను, నోరు జారి.

"ఇప్పుడు వెయ్యకపోతే ఆరింటికి ఆపడానికి ఏముంటుంది?" అంది.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి కుర్చీలో కూర్చుంది.

"అందులో కరెంటు లేదని నాకు తెలుసులే. నేను నర్సుని నాయనా. దేంట్లో ప్రాణముందో దేంట్లో లేదో తెలియకుండానే అంత సర్వీసు చేశానా? ఒకసారి టేబుల్ ఫ్యాను పెడితే తిరగలేదు. సరే, మీ బావ తీసేసి మరిచిపోయి ఉంటాడు అనుకున్నాను. మనిషికి పాపం ఆ ప్లగ్గంటే భయం. అలాంటివాళ్ళని వార్డులో ఎంతోమందిని చూశాను. కాదని వాదించకూడదు. రోజుకొకసారి వచ్చి అడుగుతాడు, ఆపితే నిమ్మళంగా ఇంటికెళ్తాడు. నాకు పోయేదేముంది?"

"మీకు శ్రమ కదండీ."

"శ్రమేముంది? ఆ వంకన మనిషిని రోజూ చూస్తాను. గేటు మీద చెయ్యి ఆన్చి నిలబడితే ఆ పూట మోకాళ్ళు నొప్పి. గొంతు బొంగురుగా ఉంటే ముందురోజు తడిశాడు. నడుం పాడవుతోందని మీ అక్కకి రెండు వారాల ముందే చెప్పాను, ఎడమ పక్కకి ఒరుగుతున్నాడని. పిలిచి 'ఎలా ఉన్నావయ్యా' అంటే చెప్పే మనిషేనా? బాగానే ఉన్నానంటాడు." గొంతు తగ్గించింది. "ఈ సంగతి మీ బావతో అనకు. చిన్నబుచ్చుకుంటాడు."

అననని ఆవిడకీ మాటిచ్చాను. ఒకే మాట ఇద్దరికి ఇవ్వడంలో తప్పేమీ కనబడలేదు.

వచ్చేస్తుంటే ఆవిడ నన్ను గుమ్మం దగ్గర ఆపింది. నన్ను పైనుంచి కిందికి చూస్తూ, "మా గేటు గొళ్ళెం సరిగ్గా పడటం లేదు అబ్బాయ్. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు రోజూ ఒకసారి ఇటు వచ్చి చూసి వెళ్ళు. నడిచి రా, స్కూటరు వద్దు" అంది.

బయటికి వచ్చి గొళ్ళెం వేసి చూశాను. భేషుగ్గా పడింది. తీసి మళ్ళీ వేశాను. మళ్ళీ భేషుగ్గా పడింది. మర్నాడు పొద్దున స్కూటరు ఇంటి దగ్గరే వదిలేసి, చూడటానికి వెళ్ళాను.